మొదటి వెల్డింగ్ మిషను: పది వేలలో ఇంటి షెడ్డుకి ఏది?

ఉండి కాలవగట్టు
శనివారం, రాత్రి 9:12

నమస్కారమండి అందరికీ. ఇంటి పక్కన కారు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక మూల బల్ల వేసుకుని చిన్న చిన్న ఇనప పనులు నేనే చేసుకుందామని చాలా రోజుల నుంచి కోరిక. పెరటి గేటు కింద పట్టీ తుప్పు తినేసి ఊడిపోయింది. దానికోసం వెల్డింగ్ షాపుకి మూడుసార్లు తిరిగాను. చెరువుల పని ఊపు మీద ఉంది కదా, జానెడు అతుక్కి మా ఇంటిదాకా ఎవరొస్తారు? వాళ్ళని తప్పుపట్టడం లేదండి. మనమే నేర్చుకుంటే పోలా అని అప్పుడే గట్టిగా అనిపించింది.

చేతిలో ఉన్నది పది వేలు. ఇంటికి సింగిల్ ఫేజు. సాయంత్రం ఆరు దాటితే వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. ఆన్‌లైన్లో చూస్తే 200 ఆంప్సు, 250, 400 అని రకరకాలు. ఫొటోల్లో అన్నీ ఒకే పెట్టెలా ఉన్నాయి, ధరలు కూడా ఒకదానికొకటి దగ్గరే. ఒకాయన గ్యాసు అక్కర్లేని మిగ్ (రాడ్డుకి బదులు చుట్ట నుంచి వైరు దానంతటదే వచ్చే మిషను) కొనమన్నారు. ఇంకొకాయన పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషనైతే జీవితంలో పాడవదన్నారు. నేను ఇంతవరకు వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డరు చేత్తో పట్టుకున్నవాణ్ణి కాదు. ఏది తీసుకోమంటారు?


తణుకు షట్టర్లు
శనివారం, రాత్రి 9:50

తమ్ముడూ, ఏం అతుకుతావో ముందు తేల్చుకో, మిషను దానంతటదే తేలుతుంది. మా ఆయనా నేనూ కలిసి పద్దెనిమిదేళ్ళుగా షట్టర్లు, గ్రిల్సు, గేట్లు చేస్తున్నాం. ఇంటి పనంటే ఎక్కువగా స్క్వేర్ పైపు, ఎల్ యాంగిల్, ఫ్లాట్ పట్టీ. పైపు 16 గేజు అయితే 1.6 మి.మీ., 18 గేజు అయితే 1.2 మి.మీ. మందం. యాంగిల్ మహా అయితే 5, 6 మి.మీ. వీటికి 2.5 మి.మీ. రాడ్డు, అప్పుడప్పుడు 3.15 రాడ్డు చాలు. షాపులో పన్నెండో నంబరు, పదో నంబరు అని అడుగు, అవే ఇస్తారు. 2.5 రాడ్డు కాలడానికి 60 నుంచి 90 ఆంప్సు కావాలి, 3.15కి 90 నుంచి 130.

అంటే నీ జీవితంలో చాలా భాగం ఆ ముల్లు 80 దగ్గరే ఉంటుంది. 400 రాసిన పెట్టె నీకెందుకు?

సింగిల్ ఫేజు మీద నడిచే 200 ఆంప్సు ఇన్వర్టర్ ఆర్క్ మిషను తీసుకో, అంటే ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టరు కాదు, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలికపాటి రాడ్డు వెల్డింగ్ మిషను. మా షాపులో మూడు ఫేజుల పెద్ద మిషను ఉన్నా, సైటు మీదికి వెళ్ళేటప్పుడు ఆయన భుజాన వేసుకెళ్ళేది అదే. ఆరేడు వేలలో వస్తుంది. మిగతా డబ్బు మాస్కుకి, చేతి తొడుగులకి, రాడ్లకి, వైరింగుకి ఉంచుకో. పది వేలూ మిషను మీదే పెట్టేస్తే మాస్కు దగ్గర చెయ్యి వెనక్కి వెళ్తుంది. అక్కడ మాత్రం వెళ్ళకూడదు.


ఐటీఐ మాస్టారు
ఆదివారం, ఉదయం 6:25

తణుకు అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో లెక్క కూడా తెలిస్తే నీకు షాపులో ధైర్యంగా ఉంటుంది బాబూ.

చేతి ఆర్కుకి ఒక సూత్రం ఉంది. ఆంప్సుని 0.04 తో గుణించి 20 కలిపితే ఆర్కు దగ్గర ఉండే వోల్టులు వస్తాయి. మిషన్లకి రేటింగు కట్టేది ఈ లెక్క మీదే. 400 ఆంప్సు అంటే 36 వోల్టులు. రెండూ గుణిస్తే 14,400 వాట్లు. మిషను లోపల ఒక్క వాటు కూడా వృథా కాదనుకున్నా 230 వోల్టుల లైను నుంచి 62 ఆంప్సు లాగాలి. నీ ఇంటి మీటరు మీద 5-30 అని ఉంటుందేమో చూడు, చాలా ఇళ్ళకి అదే ఉంటుంది. 30 ఆంప్సు మీటరు వెనక 400 ఆంప్సు వెల్డింగ్ ఎలా వస్తుంది? అరచేతంత పెట్టె మీద ఆ అంకె అతికించారంటే, ఆ ఒక్క అంకె చూసే ఆ మిషను పక్కన పెట్టెయ్యవచ్చు.

అదే 80 ఆంప్సు అయితే 23 వోల్టుల చిల్లర, అంటే 1,900 వాట్ల లోపు. మిషను వేడి, పవర్ ఫ్యాక్టరు కలిపి చూసినా లైను నుంచి 13, 14 ఆంప్సు. మీ ఇల్లు దాన్ని మోయగలదు.

ఇంకొకటి చూడాలి, డ్యూటీ సైకిలు. ప్లేటు మీద "200 ఆంప్సు, 60 శాతం" అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెలిగించి నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలని అర్థం. ఆ లెక్క 40 డిగ్రీల వేడి దగ్గర కట్టింది. మే నెలలో మన రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి కాస్త తగ్గించుకో. 2.5 రాడ్డు ఒకటి నిమిషం పైచిలుకులో అయిపోతుంది. తర్వాత అతుకు మీద గట్టిపడిన పొక్కు (స్లాగ్) సుత్తితో రాలగొట్టాలి, బ్రష్షు కొట్టాలి, కొత్త రాడ్డు పెట్టాలి. కొత్తవాడి చేతిలో మిషను కాలేదానికంటే ఊరికే ఉండేదే ఎక్కువ. ఈ డ్యూటీ సైకిలు ప్లేటు మీద అసలు రాయని మిషను మాత్రం తీసుకోకు.

ఐజీబీటీ (కరెంటుని వేగంగా ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ భాగం) ఇన్వర్టర్లలో హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్ అని రెండు సదుపాయాలు ఉంటాయి. మొదటిది రాడ్డు తాకించగానే క్షణం పాటు కరెంటు పెంచి వెలిగిస్తుంది. రెండోది రాడ్డు అతుక్కుపోతే కరెంటు తగ్గించేస్తుంది, అప్పుడు తేలిగ్గా ఊడదియ్యవచ్చు. నా దగ్గర చేరిన పిల్లలు మొదటి వారమంతా అతుక్కుపోయిన రాడ్డుతో కుస్తీ పట్టేవారు. ఆ రోజుల్లో ఈ సదుపాయాలు లేవు. ఇప్పుడు ఉన్నాయి, వాడుకో.


కరెంటు పని, పాలకొల్లు
ఆదివారం, ఉదయం 8:40

ఆయ్, మిషను సంగతి పెద్దలు చెప్పేశారండి. గోడలోపలి సంగతి నేను చెప్తాను.

పోయిన వేసవిలో ఒక ఇంటికి పిలిచారు. కొత్త వెల్డింగ్ మిషను, వారం కూడా కాలేదు. పెరట్లో గేటు దగ్గరికి ముప్పై మీటర్ల ఎక్స్‌టెన్షన్ లాగారు. వైరు సన్నది, ఒక చదరపు మి.మీ.ది. సగం వైరు చక్రానికి చుట్టే ఉంది. అరగంటకి చుట్టు లోపల వేడి పట్టి ప్లాస్టిక్ కరిగి ఒకదానికొకటి అంటుకుంది. విప్పుదామని చూస్తే బెల్లం పాకం ముద్దలా ఉంది. ఆ చక్రం పక్కనే కొబ్బరి డొక్కల గుట్ట. అగ్గి అంటుకోకపోవడం వాళ్ళ అదృష్టం.

అందుకని నా మాట వినండి. మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు వేయించుకోండి. 25 ఆంప్సు సి టైపు ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) పెట్టించండి. మామూలు బి టైపు అయితే మిషను ఆన్ చెయ్యగానే పడిపోవచ్చు. గోడ మీద 16 ఆంప్సు ఇంటి ప్లగ్గు కాకుండా నీలం రంగు 32 ఆంప్సు ఇండస్ట్రియల్ సాకెట్టు పెట్టుకుంటే పిన్ను వేడెక్కదు. ఎక్స్‌టెన్షన్ తప్పదంటే అది కూడా 4 చదరపు మి.మీ.దే, మొత్తం విప్పి నేల మీద పరిచి వాడాలి.

వోల్టేజికి ఒక చిన్న పరీక్ష చెప్తాను. సాయంత్రం ఏడింటికి నీళ్ళ మోటారు వేసి, షెడ్డు సాకెట్లో మల్టీమీటరు పెట్టి చూడండి. 200 పైన ఉంటే బెంగ లేదు. 180 చూపిస్తే మిషను ప్లేటు మీద ఎంతవరకు తట్టుకుంటుందో చదివి మరీ కొనండి, వెల్డింగ్ పగలు పెట్టుకోండి. ఫ్రిజ్ స్టెబిలైజరు తగిలిద్దామనుకోవద్దు, అది ఈ లోడుకి కాలిపోతుంది. పొలం మోటారు సర్వీసు నుంచి లాగుదామనీ అనుకోవద్దు. అది వ్యవసాయానికి ఇచ్చిన కరెంటు. ఇంటి సర్వీసుకే లోడు పెంచమని అర్జీ పెట్టుకోండి.

ఎర్తు గురించి కూడా. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే తడి తగులుతుంది, ఎర్తు బాగా దొరుకుతుంది. కానీ ఉప్పు నేలల్లో జీఐ పైపు కొన్నేళ్ళకే తినేస్తుంది. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు వేశాం కదా అని వదిలెయ్యకుండా చూపించుకోండి. 30 మిల్లీ ఆంప్సు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) ఉంటే మిషను బాడీకి కరెంటు కొట్టినప్పుడు కాపాడుతుంది. హోల్డరు వైపు కరెంటు వేరే చుట్టు నుంచి వస్తుంది, దాన్ని ఆర్‌సీసీబీ చూడలేదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది ఎండిన తొడుగులూ కాళ్ళకి బూట్లే.


అంతర్వేది గాలి
ఆదివారం, మధ్యాహ్నం 1:15

గ్యాసు లేని మిగ్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నానండి. నేను పడవల పని చేసే చోట ఉంటాను, రెండూ వాడాను.

మామూలు మిగ్‌కి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కావాలి. సముద్రం గాలికి ఆ గ్యాసు అతుకు మీద నిలవదు. అతుకు స్పాంజిలా బుడగలు బుడగలుగా వస్తుంది. గ్యాసు లేనిదైతే వైరు లోపలే మందు ఉంటుంది, గాలికి కొంత ఓర్చుకుంటుంది. నేర్చుకోవడం తేలిక, 18 గేజు పైపు మీద బొక్కలు తక్కువ పడతాయి. ఇంతవరకూ ఆ చెప్పినాయన మాట నిజమే.

అయితే ఆ మిషను పది వేలలో మంచిది దొరకదు. పైగా మన తేమకి వైరు చుట్ట మిషనులో పది రోజులు వదిలేస్తే ఎర్రబడుతుంది, ఆ తుప్పు గన్ను గొట్టంలో పేరుకుని వైరు ఆగి ఆగి వస్తుంది. ప్రతిరోజూ వాడేవాళ్ళకి పరవాలేదు. ఆదివారం ఆదివారం వాడే మీలాంటివారికి చుట్ట సగం పారెయ్యాల్సి వస్తుంది. ఇంకో సంగతి, గ్యాసు లేని వైరుకి గన్ను మైనస్‌లో ఉండాలి. మార్చకుండా వాడి, నిప్పురవ్వలు ఎగిరిపడుతున్నాయని మిషనుని తిట్టుకునేవాళ్ళని చూశాను. ఆర్కుతో మొదలుపెట్టండి. చెయ్యి కుదిరాక రెండేళ్ళకి మిగ్ ఆలోచించవచ్చు.

ఏ ఇన్వర్టరైనా సరే నేల మీద పెట్టకండి. చెక్క బల్ల మీద, గుడ్డ కప్పి పెట్టండి. లోపలి బోర్డు మీద ఉప్పు తేమ, ఇనప పొడి కలిసి పట్టిందంటే దాని ఆయువు అక్కడితో సరి. గ్రైండరు పట్టేటప్పుడు మిషను వెనక ఫ్యాను వైపు రవ్వలు పోకుండా చూసుకోండి. నేను మొదటి మిషను ఈ ఒక్క పొరపాటుతో పోగొట్టుకున్నాను.


రాజోలు లంక
ఆదివారం, మధ్యాహ్నం 3:02

ట్రాన్స్‌ఫార్మర్ మిషను పాడవదన్న మాటకి మా ఇంట్లోనే సాక్ష్యం ఉందండి. 2022 జులై వరదకి మా షెడ్డు మొల లోతు మునిగింది. నాన్నగారి పాత ట్రాన్స్‌ఫార్మర్, బాబాయి ఇన్వర్టరు రెండూ నీళ్ళలోనే ఉన్నాయి. నీళ్ళు తీశాక ట్రాన్స్‌ఫార్మర్‌ని విప్పి కడిగి, ఆరబెట్టి, చుట్లకి మళ్ళీ వార్నిష్ వేయించాం. ఈరోజుకీ నడుస్తోంది. ఇన్వర్టరు బోర్డు మాత్రం బాగు చేసేవాళ్ళు చేతులెత్తేశారు.

అయినా మీకు దాన్ని కొనమని చెప్పను. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. రెండు ఫేజులు కావాలి, 415 వోల్టులు. సింగిల్ ఫేజువి ఉన్నా అదే అతుక్కి చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి, వెలిగించినప్పుడల్లా పక్కింట్లో లైట్లు మినుకుమంటాయి. వచ్చేది ఏసీ కరెంటు, కొత్త చేతికి ఆర్కు నిలవదు, ఒంటికి తగిలితే డీసీ కంటే ప్రమాదం. పాతది చవగ్గా వచ్చినా అందులో రాగి చుట్టో అల్యూమినియం చుట్టో పైనుంచి తెలియదు. ఇన్వర్టరే తీసుకుని అటక మీద పెట్టుకోండి, అంతే.

అసలు నేను రాయాలనుకున్నది కళ్ళ గురించి. పంతొమ్మిదేళ్ళప్పుడు బాబాయికి పైపు పట్టుకుంటూ సాయంత్రమంతా పక్కన నిలబడ్డాను. నేను వెల్డింగ్ చెయ్యలేదు, ఆర్కు వైపు నేరుగా చూడలేదు, చలవ కళ్ళద్దాలు కూడా పెట్టుకున్నాను. ఏమీ కాలేదనుకుని భోజనం చేసి పడుకున్నాను. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. రెండు కళ్ళలోనూ ఎవరో ఇసుక పోసి నలిపినట్టు. రెప్ప తెరిస్తే మంట, మూస్తే మంట. నీళ్ళు ధారగా కారుతున్నాయి, గది లైటు సూదుల్లా గుచ్చుకుంటోంది. అమ్మ తెల్లారేదాకా తడిగుడ్డ పెట్టి కూర్చుంది. బంగాళదుంప చెక్కలు పెట్టమని ఒకరు, చనుబాలు పొయ్యమని ఇంకొకరు. పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కంట్లో ఏమీ వెయ్యనందుకు ఆయన మెచ్చుకుని మందిచ్చారు, రెండో రోజుకి తగ్గింది. పక్కన పట్టుకునేవాళ్ళకి కూడా మాస్కు కావాలండి. మీ ఇంట్లో పిల్లలుంటే షెడ్డు తలుపు వేసి చేసుకోండి.


ఐటీఐ మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5:30

రాజోలు బాబు రాసింది ప్రతి ఒక్కరూ చదవాలి. ఆ బాధ వెంటనే రాదు, ఆరు గంటల నుంచి పన్నెండు గంటలు గడిచాక వస్తుంది. అందుకే ఏమీ కాలేదనుకుని ఇంకో గంట పనిచేస్తారు. అది అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు పైపొరని కాల్చిన పుండు. చలవ కళ్ళద్దాలు వెలుగుని తగ్గిస్తాయేగానీ ఆర్కుకి పనికిరావు. ముఖం, మెడ కూడా ఎండకి కమిలినట్టు కములుతాయి.

నీ ఆంప్సుకి 10 లేదా 11 నంబరు నల్లద్దం సరి. మన దేశంలో ఈ మాస్కులకి ఐఎస్ 1179 అని ప్రమాణం ఉంది. చేత్తో పట్టుకునే పలక కంటే తలకి తగిలించుకునే ఆటో డార్కెనింగ్ మాస్కు కొనుక్కో. మామూలు నల్లద్దంలోంచి ఆర్కు వెలిగేదాకా ఏమీ కనిపించదు. కొత్తవాడు రాడ్డు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి మాస్కు ఎత్తుతాడు, అదే క్షణంలో రాడ్డు తగిలి వెలుగుతుంది. ఆటో మాస్కులో ముందునుంచీ కనిపిస్తుంది, వెలగగానే అదే నల్లబడుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.


ఆకివీడు చెరువులు
ఆదివారం, రాత్రి 8:20

మాది రొయ్యల సాగు. మీరు ఉండి ఊరివాళ్ళు కాబట్టి మీకూ ఏదో ఒకరోజు ఏరేటరు (చెరువు నీళ్ళకి గాలి పట్టించే మిషను) పని తగులుతుంది, అందుకని రాస్తున్నాను.

మా ఏరేటర్ల ఫ్రేములు స్టెయిన్‌లెస్ స్టీలు. వాటికి మామూలు ఇనుముకి వాడే 6013 రకం రాడ్డు కొడితే ఆరోజు గట్టిగానే ఉంటుంది, ఉప్పునీళ్ళలో నెలా రెండు నెలలకి ఆ అతుకే ఎర్రగా తినేసి ఊడొస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి 308ఎల్ రాడ్డు అని అడిగి తెచ్చుకోండి. ఖరీదెక్కువే, రెండు మూడు రాడ్లు విడిగా ఇచ్చే షాపులున్నాయి. మీరు కొనబోయే డీసీ ఇన్వర్టరు మీద చక్కగా నడుస్తుంది. కరెంటు మాత్రం 6013 కంటే కాస్త తగ్గించాలి.

ఎర్త్ క్లాంపు (మిషను రెండో వైరు చివర పనికి పట్టించే పట్టు) అతుకుకి దగ్గర్లోనే పట్టించండి. గేరు బాక్సుకి అటుపక్క పట్టించి ఇటుపక్క వెల్డింగ్ చేస్తే కరెంటు బేరింగుల మీదుగా పోయి వాటిని గుంటలు చేస్తుంది. మా దగ్గర ఒక మేస్త్రీ తొందరలో అలాగే చేశాడు, నెల తిరక్కుండా గేరు బాక్సు గొల్లుమంది. కారు మీద పనైతే బ్యాటరీ మైనస్ తీసెయ్యండి.

మిషనుని చెరువు మీద జనరేటరుకి పెట్టాలనుకుంటే జనరేటరు మిషను లాగేదానికి రెట్టింపు ఉండాలి. వోల్టేజి ఎగిరెగిరి పడే పాత జనరేటరు మీద పెట్టారంటే బోర్డు పోతుంది.

ఆఖరిది, ఇది చాలా ముఖ్యం. ఖాళీ డీజిలు డ్రమ్ముకి ఎప్పుడూ వెల్డింగ్ పెట్టకండి. మూత తీసి ఎండలో పెట్టాం, వాసన లేదు అనుకుంటారు. అడుగున పట్టిన జిడ్డు వేడికి ఆవిరై డ్రమ్ము పేలుతుంది. చెరువుల దగ్గర డ్రమ్ములు కోసి తొట్లు చేసుకునే అలవాటు మనకుంది. కొత్త మిషను ఇంట్లో ఉందని తెలిస్తే మొదట మీ దగ్గరికి వచ్చే పని అదే. కాదని చెప్పండి.


ఉండి కాలవగట్టు
సోమవారం, రాత్రి 10:05

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దణ్ణాలండి. రాత్రి ఏడింటికి మోటారు వేసి చూశాను, 194 వచ్చింది. ప్లేటు చదివాకే కొంటాను. ఇంకో సందేహం. మేడ మీద మొక్కలకి స్టాండు చెయ్యాలని పాత జీఐ పైపులు తీసిపెట్టుకున్నాను. వాటితో చెయ్యి నేర్చుకోవచ్చా?


తణుకు షట్టర్లు
మంగళవారం, ఉదయం 7:10

వద్దు తమ్ముడూ. జీఐ పైపు మీద తెల్లగా మెరిసేది జింకు. అది కాలి తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటలకి నోట్లో తీపి వెగటు, వణుకు, చలిజ్వరం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, కానీ నేర్చుకోవడానికి అదా దారి? పాలు తాగితే ఏమీ కాదని మా లైనులో అందరూ అంటారు. మా ఆయన ఏళ్ళ తరబడి తాగారు, ఆ జ్వరం మాత్రం రాకుండా ఆగలేదు. తప్పనిసరైతే అతుకు చుట్టూ రెండంగుళాలు గ్రైండరుతో జింకు తీసేసి, బయట, పొగ నీ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి చెయ్యాలి.

నేర్చుకోవడానికి పాత ఇనప షాపులో 5 మి.మీ. ఫ్లాట్ పట్టీ ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకో. పైపుతో మొదలుపెట్టకు, బొక్కలు పడి మనసు విరుగుతుంది. రాడ్లు 6013, పేరున్న కంపెనీవి, డబ్బా మీద ఐఎస్ 814 ఉందో లేదో చూసుకో. విప్పిన రాడ్లు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టు. మన వానాకాలంలో బయట వదిలేసిన రాడ్డు పూత మెత్తబడి చిటపటలాడుతూ కాలుతుంది.

లుంగీ మీద, టెరికాటన్ చొక్కా మీద చెయ్యకు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. దళసరి నూలు ప్యాంటు, బూట్లు. పెరట్లో గడ్డిమేటు ఉంటే ఆ వైపు అసలు వద్దు. పని అయ్యాక అరగంట అక్కడే ఉండు, పక్కన బకెట్లో ఇసుక పెట్టుకుని.


ఉండి కాలవగట్టు
తరువాతి ఆదివారం, రాత్రి 9:30

కొన్నానండి. భీమవరంలో కౌంటరు మీద పెట్టించి, వెలిగించి చూపించమన్నాను, చూపించారు. సింగిల్ ఫేజు 200 ఆంప్సు ఇన్వర్టరు, 160 వోల్టుల దాకా తట్టుకుంటుందని ప్లేటు మీద ఉంది, 60 శాతం డ్యూటీ సైకిలు. బిల్లుతో 6,800. ఆన్‌లైన్లో నాలుగొందలు తక్కువ ఉంది, కానీ పాడైతే బస్సెక్కి తీసుకెళ్ళి ఇవ్వగలిగిన షాపు కావాలనిపించింది. ఆటో మాస్కు 1,500. తోలు తొడుగులు, చిప్పింగ్ సుత్తి, తీగ బ్రష్షు, రెండు కిలోల రాడ్లు కలిపి 1,100. వైరింగు, సాకెట్టు, ఎంసీబీకి 2,300 అయింది. పది వేలు దాటింది, గ్రైండరు పక్కింటి అన్నయ్య ఇచ్చారు.

మొదటిరోజు పదకొండు రాడ్లు అయ్యాయి. మొదటి నాలుగూ తాకించిన చోటే అతుక్కుపోయాయి. తర్వాత మాస్టారు గారు చెప్పిన యాంటీ స్టిక్ దయవల్ల ఊడదీసుకుంటూ, అగ్గిపుల్ల గీసినట్టు గీకితే వెలుగుతోందని తెలిసింది. ఐదో రాడ్డుకి ఒక లైను వచ్చింది. వంకర టింకరగా, మధ్యలో ఉండలు ఉండలుగా ఉంది. పొక్కు రాలగొడితే కింద గుంటలు కనిపించాయి. ఆ ముక్కని వైసులో పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే రెండుగా ఊడిపోయింది. 70 దగ్గర పెట్టాను. తప్పు ఎక్కడ?


ఐటీఐ మాస్టారు
సోమవారం, ఉదయం 6:15

విరగ్గొట్టి చూసుకున్నావు చూడు, చాలా సంతోషం. పైకి చూసి మురిసిపోయే పని కాదిది. విరిగిన ముఖం మీద పట్టీ అంచు ఇంకా నిటారుగా, మొదట్లో కోసినట్టే ఉందా? అయితే లోహం పైన కూర్చుంది గానీ లోపలికి దిగలేదు. 5 మి.మీ. పట్టీకి 2.5 రాడ్డుతో 85 పెట్టు. రెండు పట్టీల మధ్య రాడ్డు లోపలి తీగ మందమంత సందు వదులు, రెండు చివరలా చిన్న టాకాలు (కదలకుండా పట్టే చుక్క అతుకులు) వెయ్యి.

ఇక చెయ్యి. రాడ్డు కొస నుంచి పని దాకా దూరం ఆ తీగ మందమే ఉండాలి, అంటే 2.5 మి.మీ. రాడ్డు కాలి పొట్టిదవుతూ ఉంటుంది కదా, చెయ్యి ఆ వేగంతోనే కిందికి దించుతూ ఉండాలి. కొత్తవాళ్ళు పక్కకి జరపడం గుర్తుంచుకుని దించడం మరిచిపోతారు. దూరం పెరిగితే చప్పుడు మారుతుంది. సరైన దూరంలో నూనెలో గారె వేగినట్టు ఒకే తీరున సుయ్ సుయ్ మంటుంది. దూరమైతే చిటపటలాడి రవ్వలు ఎగురుతాయి. చెవితో పని నేర్చుకో. రాడ్డుని నువ్వు వెళ్ళే వైపు ఒక పదిహేను డిగ్రీలు వాల్చి, ఆ వెలుగుని చూడకు, దాని వెనక మెరిసే ద్రవపు మడుగుని చూడు. ఆ మడుగు పైన పొక్కు వేరే రంగులో తేలుతూ ఉంటుంది. పొక్కు మడుగు కంటే ముందుకి పరిగెత్తితే లోపల చిక్కుకుపోతుంది, నీకు కనిపించిన గుంటలు అవే.


ఉండి కాలవగట్టు
మరుసటి ఆదివారం, సాయంత్రం 6:40

మాస్టారూ, చప్పుడు దొరికిందండి. బుధవారం రాత్రి మూడో రాడ్డు సగంలో ఒక్కసారి ఆ సుయ్ మనే మోత వచ్చింది, రాడ్డు అయిపోయేదాకా నిలబడింది. ఆ లైను మీద పొక్కు సుత్తి కొట్టకుండానే దానంతటదే లేచి పడింది. కింద చిన్న చిన్న అలలు, ఒకదాని వెనక ఒకటి. ఆ ముక్క సుత్తికి వంగింది గానీ విరగలేదు. అమ్మకి చూపించాను.

ఈరోజు గేటు పట్టీ వేశాను. తుప్పు పట్టిన భాగం మెరిసేదాకా గ్రైండరు పట్టి, కొత్త పట్టీ పెట్టి, ఆరు టాకాలు, తర్వాత అటొక అంగుళం ఇటొక అంగుళం మార్చి మార్చి. ఒక చోట బొక్క పడింది, దాన్ని 65కి తగ్గించి కొంచెం కొంచెంగా పూడ్చాను. రెడ్ ఆక్సైడ్ వేశాను. గేటు నేలకి తగలకుండా మూసుకుంటోంది.

ఇందాకే మా వీధి చివరాయన డీజిలు డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చారు, అడ్డంగా కోసి పశువులకి కుడితి తొట్టి చెయ్యాలట. ఆకివీడు గారు రాసింది ఫోనులో చూపించి, కాదని పంపించాను. దానికి బదులు సిమెంటు తొట్టి చాలని ఆయనే అన్నారు.